ఎనిమిది గంటల లారీ

గుడియాత్తం
12-6-1996

సుగన్యా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు, ఏమనుకోకు.

ఫోన్ చెయ్యొచ్చు కదా వదినా అంటావు. ఫోన్ బూతు బజారులో ఉంది. మీ నాయనను ఒంటరిగా వదిలి బజారుకు పోలేను. పోయినా, వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు వింటూ ఉండగా చెప్పే సంగతి కాదు. ఉత్తరమైతే భయం లేదు. నా ఇంట్లోనూ నీ ఇంట్లోనూ కలిపి తెలుగు చదవగలిగినవాళ్ళం మనిద్దరమే. నేను పలమనేరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి నీకు పదమూడేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయమంటే అందరికీ అరవమే. పలక మీద నీ చెయ్యి పట్టుకుని నేను దిద్దించిన అక్షరాలు ఈ రోజు ఇలా అక్కరకొచ్చాయి.

పోయిన ఉగాదికి నువ్వు వచ్చి రెండు గంటలు ఉన్నావు. మామ అరుగు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంటే, "నాయన బాగానే ఉండాడే" అని పోయావు. ఆ బాగుండటం ఎలా వస్తుందో చెబుతాను. రెండేళ్ళ నుంచి ఆయనకు పొద్దున లేస్తే ఒకటే మాట, పనికి పోవాల. పని మానేసి ఆరేళ్ళయిందని చెబితే వినడు, కోపం వస్తుంది. ఒకసారి ఎవరూ చూడకుండా బయలుదేరి మోర్ధానా రోడ్డు మీద నాలుగు మైళ్ళు నడిచాడు. పాలబండి వాళ్ళు చూసి తీసుకొచ్చారు. అప్పటి నుంచి నేనొక దారి కనిపెట్టాను. లేవగానే, "మామా, ఈ పొద్దు వేలూరులో పని. ఎనిమిది గంటలకు లారీ వస్తాది" అంటాను. ఇక ఆయనే స్నానం చేస్తాడు, ఆయనే చొక్కా వేసుకుంటాడు. తాపీ, రసమట్టం, గుండు దారం ఉన్న సంచీ తీసుకుని అరుగు మీద కూర్చుంటాడు. మధ్యాహ్నం, "లారీ టైరు పోయిందంట, అంతలోపల అన్నం తినండి" అంటాను. సాయంత్రం అయిదింటికి, "ఈ పొద్దుకు పని అయిపోయింది, కాళ్ళు కడుక్కోండి" అంటాను. పొద్దంతా గోడ కట్టి వచ్చినవాడిలా నడుం పట్టుకుని లేచి కాళ్ళు కడుక్కుంటాడు. అలా ఒక రోజు గడుస్తుంది.

రెండో సంగతి నాది. రెండేళ్ళుగా రక్తం ఆగడం లేదు. వేలూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే గర్భసంచి తీసెయ్యాలి, ఇప్పటికే ఆలస్యం చేశావు, ఇంకా నాన్చితే మంచిది కాదు అన్నారు. ఆసుపత్రిలో పదిహేను రోజులు, తర్వాత రెండు నెలలు బరువు ఎత్తకూడదు. మామ బరువు కూడా బరువే కదా. మీ అన్నకు బెంగళూరులో అపార్టుమెంటు పని. నెలకొక ఆదివారం వస్తాడు. వారం సెలవు పెడితే ఆ చోట్లో ఇంకొక మేస్త్రి నిలబడతాడంట. నా బిడ్డ నివేదితకు ఆర్కాడులో మూడు నెలల పసికందు, దాన్ని పిలవలేను. నువ్వు తప్ప నాకు అడగడానికి మనిషి లేదు. నాయనను కొన్నాళ్ళు మీ ఇంటికి తీసుకుపో. లేదా నువ్వు ఇక్కడికి రా.

వదిన,
ఇందుమతి


సత్తువాచారి, వేలూరు
28-6-1996

ప్రియమైన వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఇంటాయన ఏమైందని అడిగితే, వదినకు ఒంట్లో బాగాలేదంట అని మాత్రం చెప్పాను. నువ్వు మా అమ్మ కంటే ఎక్కువ నాకు. నీకు తెలియనిది కాదు.

కానీ నాయనను ఇక్కడికి తీసుకురమ్మన్నావే, అదెలా వదినా? కూతుర్నిచ్చిన ఇంట్లో పచ్చి నీళ్ళు ముట్టని మనిషి. ఈ ఇల్లు ఆయనే కట్టాడు. ఏడు నెలలు రోజూ మొదటి బస్సుకు వచ్చి, ఆఖరి బస్సుకు పోయేవాడు. అప్పుడు మాత్రం ఇక్కడి బావి నీళ్ళు తాగేవాడు, షెడ్డులో కూర్చుని తినేవాడు. ఏం నాయనా, ఇప్పుడు తప్పు లేదా అని నేను నవ్వితే ఏమన్నాడో నీకు చెప్పానా? "గృహప్రవేశం కానంతవరకు ఇది ఇల్లు కాదమ్మా, పని. పనికాడ నీళ్ళు తాగొచ్చు" అన్నాడు. గృహప్రవేశం రోజు మేము పెట్టిన కొత్త పంచె గడప బయటే తీసుకుని, పాయసం కూడా ముట్టకుండా బస్సెక్కాడు. అలాంటి మనిషిని బుద్ధి సరిగా లేని సమయం చూసి తెచ్చి మా ఇంట్లో అన్నం పెడితే, అది ఆయనకు చేసే మర్యాదేనా? నువ్వే చెప్పు.

పైగా ఇప్పుడు మేడ మీద రెండు గదులు వేస్తున్నాం. ఇంటినిండా సిమెంటు, ఇసుక. మేస్త్రీలంతా బెంగళూరుకు ఎగబడుతుంటే, వేలు అనే ఒక మేస్త్రిని బతిమాలి పట్టుకున్నాం. నేను ఒక్క పూట లేకపోయినా పని ఆగిపోతుంది.

ఇంకొక మాట, తప్పుగా అనుకోకు. పెద్దాయనకు రోజూ అబద్ధం చెప్పి అరుగు మీద కూర్చోబెట్టడం నాకు మనసొప్పలేదు. జీవితమంతా నిజాయితీగా బతికిన మనిషి. రాని లారీ కోసం ఎదురుచూపు ఎందుకు? నిమ్మళంగా కూర్చుని నిజం చెబితే ఆయనకు అర్థం కాదా? మీ వీధి గోవిందరాజు కనిపిస్తే హార్లిక్సు సీసాలు రెండు ఇచ్చి పంపాను. ఒకటి నీకు, ఒకటి నాయనకు.

నీ
సుగన్య


గుడియాత్తం
20-7-1996

సుగన్యా,

హార్లిక్సు అందింది. రెండూ మామకే కలిపి ఇస్తున్నాను. నాకు తాగి కూర్చునే తీరిక లేదు.

నిజం చెప్పమన్నావు. చెప్పి చూశాననే రాస్తున్నాను. మొదట్లో ఒకసారి, "మామా, పని లేదు, అత్తమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది, మీరు ఇంట్లోనే ఉండాల" అని చెప్పాను. పని సంగతి ఆయనకు వినబడలేదు. "చెల్లమ్మ పోయిందా? ఎప్పుడు పోయింది? నాకు ఎందుకు చెప్పలేదు?" అని చెంబు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూలబడ్డాడు. ఆ రోజే పోయినట్టు ఏడ్చాడు. మర్నాటికి మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. మా అత్తను ఆయనకు మళ్ళీ చంపే పని నాతో కాదు.

నీ మనసు ఒప్పలేదని రాశావు. ఒప్పుకోవడానికి నీ మనసు ఇక్కడ ఏ రోజు ఉంది? గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో గంటన్నర. అరగంటకొక బస్సు. పోయిన సంవత్సరం నువ్వు మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ భోజనం వేళకు. ఆయన పంచె తడిపితే మార్చేది నేను, గడ్డం గీసేది నేను, మలబద్ధకమైతే చెయ్యి పెట్టేది నేను. కోడలితో ఆ పని చేయించుకోవడానికి సిగ్గుపడి మొహం గోడవైపు తిప్పుకుంటాడు. సిగ్గు మాత్రం మరవలేదు పాపం. వీధిలో ఆడవాళ్ళు మాత్రం ఇందుమతి పుణ్యం చేసుకుంది అంటారు. పుణ్యం కావాలంటే పంచుకోండి రండి అంటే ఒకరూ రారు.

డాక్టరమ్మ నవంబరు నాలుగో తేదీ ఇచ్చింది. ఇది మూడోసారి ఇవ్వడం. ముందు రెండుసార్లు నేనే వద్దన్నాను, ఒకసారి మామకు జ్వరమని, ఇంకొకసారి నీ ఆడపడుచు పెళ్ళి అని. ఈసారి రాకపోతే ఇక నా దగ్గరకు రావద్దు అంది. నేను చచ్చిపోతే మీ నాయనను ఎవరు చూస్తారో అది ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. కోపంతో రాయడం లేదు. కోపంతోనే రాస్తున్నాను.

ఇందుమతి


సత్తువాచారి, వేలూరు
15-9-1996

వదినా,

నీ ఉత్తరం పెట్టెలో అడుగున దాచి రెండు నెలలయింది. జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. మా ఇంటాయనకు చెప్పడానికి సందు దొరకలేదు. మేడ పైకప్పు పడింది. ఇక పూత పని మాత్రమే. వేలు నమ్మకస్తుడు, తానే చూసుకుంటానన్నాడు.

నవంబరులో పదిహేను రోజులు నేనే వస్తాను. నా తండ్రికి నేను చేయలేనా? నువ్వు ధైర్యంగా ఉండు. అన్నీ రాసిపెట్టి పో.

సుగన్య


గుడియాత్తం, ఇంట్లో
3-11-1996

సుగన్యా,

నువ్వు మధ్యాహ్నం బస్సుకు వస్తావు, మీ అన్న నన్ను పొద్దున్నే తీసుకుపోతున్నాడు. పక్కింటి అలివేలమ్మ అంతవరకు ఉంటుంది. ఈ కాగితం బియ్యం డబ్బా మీద పెడుతున్నాను.

పొద్దున ఆరింటికి లేపు. నీ పేరు నువ్వే చెప్పు, నేనెవరో చెప్పు చూద్దాం అని అడగొద్దు. గుర్తులేదని తెలిసిపోతే భయపడతాడు. మంచినీళ్ళు ఇచ్చి లారీ మాట చెప్పు. స్నానానికి వేడినీళ్ళు తోడుకోవడం ఆయనే చేస్తాడు, పక్కన నిలబడు చాలు. సంచీ ఆయన చేతికే ఇయ్యి. అందులో తాపీ పిడి విరిగితే మీ అన్న పోయిన నెలే కొత్త పిడి వేశాడు, చూస్తే తెలుస్తుంది. మధ్యమధ్యలో తీసి తుడుస్తాడు, తుడవనియ్యి. మధ్యాహ్నం రసం అన్నం మెత్తగా పిసికి పెట్టు, పెద్ద ముద్ద పెడితే పొరబోతుంది. అరుగు మీద నుంచి గంటకొకసారి లేపి నాలుగడుగులు నడిపించు, లేకపోతే వెనక చర్మం ఎర్రబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం సంచీ. దాన్ని కడగొద్దు, సర్దొద్దు, చోటు మార్చొద్దు. ఆ సంచీ ఉన్నంతవరకు ఆయన రంగరాజులు మేస్త్రి. అది లేకపోతే ఏమవుతాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నువ్వు వస్తున్నందుకు నాకు ఎంత ఊరటగా ఉందో రాయడం చేతకాదు. పోయిన ఉత్తరాల్లో అన్న మాటలు మనసులో పెట్టుకోకు.

వదిన


వేలూరు, ఆసుపత్రి
11-11-1996

సుగన్యా,

ఆపరేషన్ బాగయింది. మీ అన్న సంతకం పెట్టి, రెండు రోజులుండి బెంగళూరుకు పోయాడు.

ఒక సంగతి చెబితే నవ్వుతావు. మత్తు దిగాక కూడా నిద్రపోతూనే ఉన్నాను. ఏమమ్మా, ఇంతసేపా అని నర్సు భయపడి లేపింది. రెండేళ్ళ నిద్ర బాకీ ఉంది తల్లీ అన్నాను. కుట్లు లాగుతుంటే కూడా హాయిగా ఉంది. ఎవరో నాకు పళ్ళెంలో అన్నం తెచ్చి ఇస్తున్నారు, తిన్నాక తీసుకుపోతున్నారు. పాపం అనిపించింది ఒక క్షణం, మామ ఎలా ఉన్నాడో తలుచుకోకుండా ఒక పూటంతా గడిపానని.

మీ ఇల్లు ఇక్కడికి రెండు స్టాపుల దూరమే. మీ ఇంటాయన పని ఒత్తిడిలో ఉన్నట్టున్నాడు, రాలేదు. ఫరవాలేదు. మామ సంగతి రెండు ముక్కలు రాయి. సంచీ ఇస్తున్నావా?

ఇందుమతి


గుడియాత్తం
15-11-1996

వదినా,

ఇక్కడ ఏ గొడవా లేదు. నువ్వు రాసినంత కష్టం నాకైతే కనబడలేదు. నాయన అసలు పనికి పోవాలని అడగడమే మానేశాడు. పడుకునే ఉంటున్నాడు, శాంతంగా ఉన్నాడు. నేను నిజమే చెప్పాను వదినా, చూశావా, అర్థమయింది ఆయనకు. నువ్వు నిశ్చింతగా విశ్రాంతి తీసుకో. ఇరవయ్యో తేదీ నువ్వు రాగానే నేను బయలుదేరాలి, మేడకు సున్నం వేస్తున్నారు.

సుగన్య


గుడియాత్తం
2-12-1996

సుగన్యా,

నువ్వు ఆటో ఎక్కే హడావుడిలో, అంతా వంటింట్లో రాసిపెట్టాను అని చెప్పి పోయావు. వంటింట్లో పాలవాడి లెక్క తప్ప ఏమీ లేదు. రాయనిది నేనే చూసుకున్నాను.

మీ నాయన వీపు మీద, నడుం కింద, అరచెయ్యంత పుండు. రెండోది మడమ మీద. పదిహేను రోజులు ఒక పక్కకే పడుకోబెట్టావు. లేపితే కాళ్ళు నిలవడం లేదు. నేను పోయిన రోజు స్నానం చేసి చొక్కా తొడుక్కున్న మనిషి, నేను వచ్చిన రోజు మూత పడిన కళ్ళు తెరవలేదు. కుట్లు ఆరని కడుపుతో నేనే పక్కకు తిప్పాను. మర్నాడు కుట్టు ఒకటి విడిపోయింది.

"మామా, ఈ పొద్దు వేలూరులో పని" అన్నాను. చూడలేదు. సంచీ ఇద్దామని వెతికాను. ఇల్లంతా వెతికాను. అలివేలమ్మ చెప్పింది, ఎవరో మేస్త్రి స్కూటర్ మీద వచ్చి తీసుకుపోయాడు, మీ సుగన్యే ఇచ్చింది అని. మేడకు సున్నం వేసే ముందు ఆఖరి పూత పెద్ద మేస్త్రి తాపీతో వేస్తే ఇంటికి మంచిదంట కదా. అది మనవాళ్ళు అనే మాటే, కాదనను. మీ నాయన బతికి ఉండగానే ఆయన చేతిలోది లాక్కుని ఆయన ఆశీర్వాదం గోడకు పూయించుకున్నావు.

ఎందుకు చేశావు? నాకు ఆ ఒక్కటి చెప్పు.

ఇందుమతి


సత్తువాచారి, వేలూరు
10-12-1996

వదినా,

తిట్టు. ఇంకా తిట్టు. నేను రాయకపోతే నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు నువ్వు చెప్పినట్టే చేశాను. లారీ అన్నాను, సంచీ ఇచ్చాను. నన్ను పైనుంచి కిందకు చూసి, "ఏమ్మా, కొత్తగా వచ్చినావా? ఇసక జల్లించినావా?" అన్నాడు. నన్ను ఇటుకలు మోసే కూలిమనిషి అనుకున్నాడు. సరేలే అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం పెడితే, "ఇందు యాడ? ఇందు వస్తే తింటా" అన్నాడు. సాయంత్రం ఇందు యాడ. మర్నాడు ఇందు యాడ. నేను నీ కూతుర్ని నాయనా అన్నాను. "నాకు కూతురు చిన్నది, బడికి పోయింది" అన్నాడు. నాలుగు రోజులు, వదినా. చేసేది నేను, పిలిచేది నిన్ను.

అయిదో రోజు నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పాను. పని లేదు, లారీ రాదు, అమ్మ చచ్చిపోయింది, నీ కూతురు ముసలిదవుతోంది, అది నేనే అని అరిచాను. ఆయన నోరు తెరిచి విన్నాడు. సంచీ కింద పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఆ సంచీని చూస్తుంటే నాకు భయమేసింది. ఆ వారంలోనే వేలు డబ్బు తీసుకోవడానికి వస్తే, తాపీ మాట ఎత్తాడు. సంచీతో సహా తీసుకుపో అన్నాను. అది కళ్ళముందు లేకపోతే నేను చేసింది కూడా లేకుండా పోతుందనుకున్నాను.

పుండు నేను చూడలేదు. చూడలేదు అనడం కూడా అబద్ధమే. పంచె మార్చేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. తండ్రిని అలా చూడలేక మూసుకున్నాను. నువ్వు రోజూ ఎలా చూస్తున్నావో నాకు తెలియదు.

మా ఇంటాయనకు ఇవేవీ చెప్పలేదు. నువ్వూ అన్నకు చెప్పకు. మన మధ్యే ఉండనీ. నీకు దండం పెడతాను.

సుగన్య


గుడియాత్తం
3-1-1997

సుగన్యా,

నువ్వు నిజం రాశావు. చదివి ఏడ్చాను, నీ మీద జాలి కూడా పడ్డాను. జాలి పడి, ఒక వారం గుడ్డతో పుండు కడుగుతూ ఆలోచించాను. ఆ జాలితో నాకు పని జరగదు.

మన మధ్యే ఉండనీ అన్నావు. ఇరవై ఏళ్ళుగా అన్నీ మన మధ్యే ఉన్నాయి. నీ సంగతులు నేను దాచాను, నా కష్టాలు నీకు మాత్రమే రాశాను. ఎవరూ చదవలేని అక్షరాల్లో రాసుకున్నందుకు ఏమైంది? మీ అన్నకు ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదు. మీ ఇంటాయనకు అత్తగారింట్లో మామ ఉన్నాడనే తెలియదేమో. వాళ్ళు హాయిగా ఉన్నారు. మనిద్దరం ఒకరినొకరం పీక్కుతిన్నాం. నీకు అక్షరాలు నేర్పినందుకు బాధపడటం లేదు, వాటి వెనక దాక్కున్నందుకు బాధపడుతున్నాను.

అందుకని మీ అన్నకు అంతా అరవంలో రాశాను. పుండు, కుట్టు, సంచీ, ఒకటీ వదల్లేదు. చదివి ఆ రాత్రి బస్సుకే వచ్చాడు. పుండు చూసి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు, మామ కూర్చునే చోట. ఈ కవరులోనే ఇంకొక కాగితం ఉంది. అది కూడా అరవంలోనే, మీ ఇంటాయన పేరుకు. నువ్వు ముందు చదువుకో, కానీ చించకు. ఆయనకు ఇంకొకటి పోస్టులో వేశాం.

అందులో రాసింది ఇదే. కుట్టు విడిపోయినందుకు డాక్టరమ్మ నన్ను ఇక ఆర్నెల్లు బరువు ఎత్తవద్దంది. ఆర్నెల్లు మామ మీ ఇంట్లో ఉంటాడు. రోజుకొకసారి పుండు కట్టడానికి మీ వీధిలోనే ఉన్న నర్సమ్మను మీ అన్న మాట్లాడి వచ్చాడు. మిగతాది నువ్వు చెయ్యాలి, కళ్ళు తెరుచుకుని చెయ్యాలి. అది నేనూ ఒక రోజులో నేర్చుకోలేదు. నెలకు రెండు రోజులు నేను వచ్చి కూర్చుంటాను, అప్పుడు నువ్వు పడుకుని నిద్రపో. నాకు ఎవరూ ఇవ్వనిది నీకు ఇస్తున్నాను.

కూతురింట్లో నీళ్ళు ముట్టని మనిషి అన్నావు. నిజమే. అయితే గృహప్రవేశం కానంతవరకు అది ఇల్లు కాదు, పని, అని కూడా నువ్వే రాశావు. మీ మేడకు ఇంకా గృహప్రవేశం కాలేదు. ఆయన్ను పై గదిలో పడుకోబెట్టు. అక్కడ ఆయన ఉన్నంతకాలం చెయ్యకండి. సున్నం వాసన వస్తుంటే ఆయనకు ఇంకా నయం.

వేలు దగ్గర నుంచి సంచీ తెచ్చి ఆయన రాకముందే తలవైపు పెట్టు. తాపీకి అంటిన సిమెంటు గీకి తుడువు.

నిన్న పొద్దున ఆయన పక్కన కూర్చుని, "మామా, సోమవారం వేలూరులో పని" అన్నాను. నెలన్నర తర్వాత కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు.

"సంచీ యాడమ్మా?"

"పనికాడికి ముందే పంపించేసినాం మామా."

"లారీ వస్తాదా?"

రెండేళ్ళుగా రోజూ వస్తాదని అబద్ధమే చెప్పాను. ఈసారి మీ అన్నకు తెలిసిన శక్తివేల్ ఇసుక లారీ ఖాళీగా వేలూరుకు పోతోంది, వెనక పరుపు వేసి పడుకోబెట్టి మీ అన్న పక్కన కూర్చుంటాడు. నిజంగానే వస్తుంది. వస్తాది మామా, ఎనిమిదింటికి అని చెప్పాను.

నీకు నేను తెలుగులో రాసే ఉత్తరం ఇదే ఆఖరు. ఇక రాస్తే అందరూ చదివేలా రాస్తాను.

సోమవారం తొమ్మిదిన్నరకల్లా మీ వీధి మలుపుకు వస్తారు. గేటు తీసి ఉంచు.

ఇందుమతి